ఎస్టెస్ పార్క్ పరిసరాల పర్వత నడకలు

'''ఎస్టెస్ పార్క్''' అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కొలరాడో రాష్ట్రంలో, లారిమర్ కౌంటీలో, రాకీ పర్వతాల తూర్పు అంచున ఉన్న ఒక చిన్న విహార పట్టణం. సముద్ర మట్టం నుండి 2,293 మీటర్ల ఎత్తున, బిగ్ థాంప్సన్ నది లోయలో నెలకొన్న ఈ పట్టణం రాకీ పర్వత జాతీయ ఉద్యానవనానికి తూర్పు ముఖద్వారం. ఈ ఊరిలో బస చేసి, తెల్లవారుజామున బయలుదేరి, పర్వతాలలోని ఒక సరస్సునో శిఖరాన్నో చేరి, అదే రోజు తిరిగి రావడం ఇక్కడికి వచ్చేవారి ముఖ్య వ్యాపకాలలో ఒకటి. ఇలాంటి నడకను ఆంగ్లంలో "హైక్" అంటారు. భారతదేశంలో "ట్రెక్కింగ్" అనే మాట ఎక్కువగా వినబడుతుంది కాని, దారిలో గుడారాలు వేసుకొని కొన్ని రోజులపాటు సాగించే ప్రయాణానికే ఆ పేరు సరిగా వర్తిస్తుంది.

ఎస్టెస్ పార్క్ చుట్టుపక్కల గల పొడవైన పగటి నడకలు రానుపోను 13 నుండి 24 కిలోమీటర్ల వరకు ఉంటాయి. మైదాన ప్రాంతంలో ఈ దూరం పెద్ద లెక్కలోనిది కాదు. కాని ఇక్కడ గాలి పలుచన, వాలు ఎక్కువ, వేసవి మధ్యాహ్నాలలో పిడుగులు సర్వసాధారణం. అందువలన ఇక్కడి నడకలలో దూరం కన్నా వేళకు ప్రాముఖ్యం ఎక్కువ. ఏ వేళకు బయలుదేరాలి, ఏ వేళకు వెనుదిరగాలి అన్న రెండు నిర్ణయాలపైనే క్షేమం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

== పేరు, భౌగోళిక పరిస్థితులు ==

కొలరాడోలో పర్వతాల నడుమ ఉండే విశాలమైన పచ్చిక లోయను "పార్క్" అని పిలవడం పూర్వపు వాడుక. 1859లో ఈ లోయకు వచ్చి, తరువాత కుటుంబంతో స్థిరపడిన జోయెల్ ఎస్టెస్ పేరు మీద దీనికి ఎస్టెస్ పార్క్ అనే పేరు వచ్చింది. ఈ పేరు పెట్టినవాడు డెన్వర్ పత్రికా సంపాదకుడు విలియం బయర్స్. ఎస్టెస్ కుటుంబం మాత్రం ఇక్కడి తీవ్రమైన చలికాలాలను తట్టుకోలేక 1866లో లోయను విడిచి వెళ్ళిపోయింది.

పట్టణానికి పడమటి దిక్కున ఖండ విభాజక రేఖ ఉన్నది. ఈ రేఖకు తూర్పున పడిన వాన చివరకు అట్లాంటిక్ మహాసముద్రం వైపుకు, పడమట పడిన వాన పసిఫిక్ మహాసముద్రం వైపుకు ప్రవహిస్తాయి. ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం లాంగ్స్ పీక్ (4,346 మీటర్లు). తూర్పు కనుమలలోని అత్యున్నత శిఖరాలు సైతం 1,700 మీటర్లకు మించవు. అంటే ఎస్టెస్ పార్క్ ఊరే వాటికన్నా దాదాపు 600 మీటర్లు ఎత్తున ఉన్నదన్నమాట.

సుమారు 3,400 మీటర్ల ఎత్తు దాటిన తరువాత ఇక్కడ చెట్లు పెరగవు. ఈ హద్దును '''వృక్షరేఖ''' అంటారు. దాని పైన గడ్డి, నాచు, చిన్న చిన్న పూలమొక్కలు మాత్రమే ఉండే టండ్రా నేల ఉంటుంది. నడిచేవారి దృష్టిలో వృక్షరేఖ చాలా ముఖ్యమైన గుర్తు. దానికి దిగువన అడవి కొంత రక్షణ ఇస్తుంది. ఎగువన నిలువెత్తు మనిషే ఆ నేల మీద ఎత్తైన వస్తువు.

== చరిత్ర ==

ఈ పర్వతాలలోని కాలిబాటలలో కొన్ని తెల్లవారి రాకకు ఎంతో ముందునుండి ఉన్నవే. అరపాహో, యూట్ తెగలవారు వేట కోసం, రాకపోకల కోసం ఈ దారులను వాడేవారు. పక్కపక్కనే కనబడే లాంగ్స్ పీక్, మౌంట్ మీకర్ శిఖరాలను అరపాహోలు "ఇద్దరు మార్గదర్శులు" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. ఫ్రెంచి వేటగాళ్ళు అదే జంటను "రెండు చెవులు" అన్నారు. 1914లో కొలరాడో మౌంటెన్ క్లబ్ పూనికతో అరపాహో పెద్దలు కొందరు ఈ ప్రాంతానికి తిరిగి వచ్చి, గుర్రాలపై కొండలు తిరిగి, పాత పేర్లను, దారులను చెప్పారు. ఆ వివరాలను ఆలివర్ టోల్ అనే యువకుడు వ్రాసుకున్నాడు. అవి 1962లో పుస్తకంగా వెలువడ్డాయి.

1820లో మైదానాల మీదుగా వచ్చిన సైనికాధికారి స్టీఫెన్ లాంగ్ పేరు లాంగ్స్ పీక్‌కు స్థిరపడింది. ఆయన మాత్రం ఆ శిఖరాన్ని ఎక్కలేదు. లిఖిత ఆధారం ఉన్న తొలి ఆరోహణ 1868 ఆగస్టు 23న జాన్ వెస్లీ పావెల్ బృందం చేసింది. అంతర్యుద్ధంలో ఒక చేతిని కోల్పోయిన పావెల్ మరుసటి సంవత్సరం కొలరాడో నది మీద గ్రాండ్ కేన్యన్ గుండా పడవ ప్రయాణం చేసి ప్రసిద్ధుడయ్యాడు. 1873లో ఇంగ్లండు యాత్రికురాలు ఇసబెల్లా బర్డ్ ఒక స్థానిక వేటగాని సాయంతో ఈ శిఖరం ఎక్కింది. ఆమె లేఖలు 1879లో పుస్తకంగా వచ్చి ఎస్టెస్ పార్క్ పేరును దూరదేశాలకు చేర్చాయి.

క్షయవ్యాధితో బాధపడుతూ 1903లో ఇక్కడికి వచ్చి కోలుకున్న వ్యాపారి ఎఫ్.ఓ. స్టాన్లీ 1909లో పెద్ద హోటలు తెరవడంతో పట్టణం విహార కేంద్రంగా ఎదిగింది. లాంగ్స్ పీక్ పాదంలో బస నడుపుతూ, మార్గదర్శిగా ఆ శిఖరాన్ని రెండు వందల సార్లకు పైగా ఎక్కిన ఈనాస్ మిల్స్ (1870-1922) ఈ ప్రాంతాన్ని కాపాడాలని వ్యాసాలు, ఉపన్యాసాల ద్వారా ఉద్యమించాడు. ఫలితంగా 1915 జనవరి 26న అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ సంతకంతో రాకీ పర్వత జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. దీని విస్తీర్ణం సుమారు 1,075 చదరపు కిలోమీటర్లు. ఇందులో మొత్తం 480 కిలోమీటర్లకు పైగా కాలిబాటలు ఉన్నాయి.

== ప్రధానమైన నడకలు ==

క్రింది పట్టికలో ఇచ్చిన దూరాలు ఒకవైపువి. అంకెలు ఇంచుమించుగా ఇవ్వబడ్డాయి.

| గమ్యం | బయలుదేరే స్థలం | దూరం (కి.మీ.) | మొదలు ఎత్తు (మీ.) | గమ్యం ఎత్తు (మీ.) |
|---|---|---|---|---|
| స్కై పాండ్ | గ్లేసియర్ గార్జ్ | 7.5 | 2,820 | 3,320 |
| బ్లాక్ లేక్ | గ్లేసియర్ గార్జ్ | 8 | 2,820 | 3,240 |
| ఫ్లాట్‌టాప్ శిఖరం | బేర్ లేక్ | 7.1 | 2,890 | 3,756 |
| హాలెట్ శిఖరం | బేర్ లేక్ | 8 | 2,890 | 3,875 |
| లాన్ లేక్ | లాన్ లేక్ బాట మొదలు | 10 | 2,600 | 3,350 |
| చాస్మ్ లేక్ | లాంగ్స్ పీక్ బాట మొదలు | 6.8 | 2,870 | 3,590 |
| లాంగ్స్ పీక్ | లాంగ్స్ పీక్ బాట మొదలు | 12 | 2,870 | 4,346 |

'''స్కై పాండ్:''' ఈ దారి అల్బర్టా జలపాతాన్ని, "ది లాక్" అనే సరస్సును దాటి టింబర్‌లైన్ జలపాతం పాదానికి చేరుతుంది. అక్కడ జలపాతం పక్కనే సుమారు 30 మీటర్ల తడి రాళ్ళను చేతులు కూడా ఉపయోగించి ఎక్కాలి. ఈ భాగం ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు కష్టం. జూన్ నెలలో సైతం ఇక్కడ మంచు గట్టిపడి ఉండవచ్చు. ఈ లోయలోనే 1980ల నుండి శాస్త్రజ్ఞులు వాన నీటిలోను, సరస్సు నీటిలోను నత్రజని సమ్మేళనాల పరిమాణాన్ని కొలుస్తున్నారు. దిగువ మైదానాలలోని పొలాల నుండి, వాహనాల నుండి వెలువడే పదార్థాలు ఇంత ఎత్తున ఉన్న నీటిని ఎలా మారుస్తున్నాయో ఈ పరిశోధన తెలుపుతున్నది.

'''ఫ్లాట్‌టాప్, హాలెట్:''' ఖండ విభాజక రేఖ మీదికి నేరుగా చేర్చే బాట ఇది. పేరుకు తగినట్లు ఫ్లాట్‌టాప్ శిఖరాగ్రం బల్లపరుపుగా ఉంటుంది. అక్కడినుండి హాలెట్ శిఖరానికి బాట క్రమంగా మాసిపోయి, రాళ్ళ కుప్పల గుర్తుల మీదుగా వెళ్ళవలసి వస్తుంది. దారిలో చివరి మూడు కిలోమీటర్లు దాదాపు పూర్తిగా వృక్షరేఖకు పైనే ఉంటాయి.

'''లాన్ లేక్:''' రోరింగ్ నది వెంట అడవిలో సాగే పొడవైన నడక. ఈ నది ఒడ్డున లోతుగా కోసుకుపోయిన గండి 1982 నాటి వరదకు గుర్తు.

'''ఒడెస్సా లోయ:''' బేర్ లేక్ నుండి బయలుదేరి ఒడెస్సా, ఫెర్న్ సరస్సుల మీదుగా మొరెయిన్ పార్క్ వైపు దిగే సుమారు 14 కిలోమీటర్ల నడక. మొదలు ఒకచోట, చివర మరొకచోట కావడం వలన వేసవిలో నడిచే ఉద్యానవనపు బస్సుల వేళలను ముందుగా చూసుకోవాలి.

'''చాస్మ్ లేక్:''' లాంగ్స్ పీక్ తూర్పు ముఖం క్రింద ఉన్న సరస్సు. నీటి అంచున నిలబడితే "డైమండ్" అనే నిట్టనిలువు రాతిగోడ ఎదురుగా కనబడుతుంది. ఈ గోడను 1960లో డేవ్ రియారిక్, బాబ్ క్యాంప్స్ తొలిసారిగా ఎక్కారు. శిఖరం దాకా వెళ్ళలేనివారికి ఈ సరస్సు చక్కని గమ్యం.

'''లాంగ్స్ పీక్:''' సాధారణంగా అనుసరించే దారిని "కీహోల్ దారి" అంటారు. బౌల్డర్‌ఫీల్డ్ అనే బండరాళ్ళ మైదానం తరువాత తాళంచెవి రంధ్రం ఆకారంలో ఉన్న రాతి సందు వస్తుంది. అక్కడివరకు ఇది నడక, అక్కడినుండి ఆరోహణ. ఇరుకైన రాతి అంచులు, రాళ్ళు జారే ఏటవాలు గండి, ఒకవైపు లోయ తెరుచుకొని ఉండే సన్నని బాట, చివరగా నున్నని రాతి పలక – ఈ నాలుగింటిని వరుసగా దాటాలి. మంచు లేని కాలం సామాన్యంగా జూలై మధ్యనుండి సెప్టెంబరు తొలి రోజుల వరకు మాత్రమే. కీహోల్ వద్ద నిర్మించిన చిన్న రాతి గది 1925 జనవరిలో తూర్పు ముఖాన్ని చలికాలంలో ఎక్కి, దిగివస్తూ మరణించిన ఆగ్నెస్ వెయిల్ స్మారకం. ఆమెను రక్షించడానికి బయలుదేరినవారిలో హెర్బర్ట్ సోర్ట్‌లాండ్ కూడా ప్రాణాలు కోల్పోయాడు.

== వేళ లెక్క ==

కొండ నడకకు పట్టే కాలాన్ని అంచనా వేయడానికి స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు. ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరొక గంట చొప్పున కలపాలి. ఈ సూత్రం తక్కువ ఎత్తు కొండలలో, అలవాటున్నవారికి సరిపోతుంది. పలుచని గాలిలో, కొత్తవారికి వచ్చిన మొత్తానికి సగం కలుపుకోవడం మేలు.

'''ఉదాహరణ 1 – ఫ్లాట్‌టాప్:''' దూరానికి (7.1 కి.మీ.) సుమారు 1 గంట 25 నిమిషాలు, ఎత్తుకు (870 మీటర్లు) సుమారు 1 గంట 25 నిమిషాలు, మొత్తం 2 గంటల 50 నిమిషాలు. సగం కలిపితే 4 గంటల 15 నిమిషాలు. ఉదయం 6 గంటలకు బయలుదేరినవారు 10:15కు శిఖరం చేరతారు. పావుగంట ఆగి దిగడం మొదలుపెడితే 11:30 ప్రాంతంలో అడవిలోకి వస్తారు.

'''ఉదాహరణ 2 – లాంగ్స్ పీక్:''' దూరానికి 2 గంటల 25 నిమిషాలు, ఎత్తుకు దాదాపు 2 గంటల 30 నిమిషాలు, మొత్తం సుమారు 4 గంటల 55 నిమిషాలు. సగం కలిపితే 7 గంటల 20 నిమిషాలు. పైన పావుగంట, తిరిగి వృక్షరేఖ వరకు దిగడానికి సుమారు మూడున్నర గంటలు. మొత్తం 11 గంటలకు పైమాటే. మధ్యాహ్నం 12 గంటలకు అడవిలో ఉండాలంటే రాత్రి ఒంటిగంటకే బయలుదేరాలి. అర్ధరాత్రి దాటగానే లాంగ్స్ పీక్ బాట మీద దీపాల వరుస కనబడటానికి కారణం ఇదే.

ఈ లెక్క నుండి మరొక నియమం పుడుతుంది. బయలుదేరే ముందే '''వెనుదిరిగే వేళ'''ను నిర్ణయించుకోవాలి. ఆ వేళకు శిఖరం ఇంకా వంద మీటర్లలో ఉన్నా వెనుదిరగాలి. నడుమ దారిలో, గమ్యం కళ్ళెదుట కనబడుతున్నప్పుడు తీసుకొనే నిర్ణయం కన్నా ఇంటి వద్ద చల్లగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం మేలైనది. బృందంగా వెళ్ళినప్పుడు ఈ వేళను అందరికీ ముందే చెప్పాలి. నెమ్మదిగా నడిచే వ్యక్తి వేగాన్నే బృందం వేగంగా లెక్కించాలి. ఒకరిని దారిలో కూర్చోబెట్టి మిగతావారు పైకి వెళ్ళడం ప్రమాదకరమైన అలవాటు.

== మధ్యాహ్నపు ఉరుములు ==

జూలై, ఆగస్టు నెలలలో నైరుతి అమెరికాలో రుతుపవనం వంటి గాలి ప్రసారం ఏర్పడి తేమను కొలరాడో వరకు తెస్తుంది. ఉదయపు ఎండకు తూర్పు వాలులు త్వరగా వేడెక్కుతాయి. వాటిని ఆనుకొని ఉన్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైన చల్లబడి, అందులోని తేమ మేఘంగా మారుతుంది. పది గంటలకు దూదిపింజల వలె తెల్లగా కనిపించిన మేఘాలు పన్నెండు గంటలకు గోపురాల వలె పెరిగి అడుగున నల్లబడవచ్చు. ఆ తరువాత ఉరుములు, పిడుగులు, వడగళ్ళు వస్తాయి. సాయంత్రానికి ఆకాశం మళ్ళీ నిర్మలమవుతుంది. ఉదయం మబ్బు లేదు కనుక మధ్యాహ్నం కూడా ఉండదని అనుకోరాదు.

పిడుగుల విషయంలో పాటించవలసినవి:
* మేఘాలు నిలువుగా పెరుగుతుంటే ఉరుము వినబడే దాకా ఆగక వెంటనే దిగాలి.
* ఉరుము వినబడిందంటే పిడుగు పడే పరిధిలో ఉన్నట్లే.
* శిఖరం, గట్టు, ఒంటరి చెట్టు, సరస్సు అంచు – ఇవి ఉండదగిన చోట్లు కావు. సమాన ఎత్తుగల చెట్ల గుంపులో ఉండటం కొంత నయం.
* బృందంలోనివారు ఒకరికొకరు ఎడంగా నడవాలి. ఒకరికి దెబ్బ తగిలినా మిగిలినవారు సాయం చేయగలుగుతారు.
* జుట్టు నిక్కబొడుచుకున్నా, లోహపు కర్రలు జుమ్మని శబ్దం చేసినా అది అత్యంత ప్రమాద సూచన.
* చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచేవరకు తిరిగి పైకి వెళ్ళరాదు.

== ఎత్తు ప్రభావం ==

గాలిలో ఆమ్లజని వంతు ఎక్కడైనా సుమారు 21 శాతమే. కాని ఎత్తు పెరిగిన కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఎస్టెస్ పార్క్ వద్ద ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో సుమారు మూడు వంతులు. లాంగ్స్ పీక్ మీద 60 శాతం. కనుక ఒక్కొక్క శ్వాసలో అందే ఆమ్లజని ఆ మేరకు తక్కువ. తలనొప్పి, వికారం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం ఎత్తు జబ్బు తొలి లక్షణాలు. లక్షణాలు ఉండగా ఇంకా పైకి పోరాదు. ముదిరితే క్రిందికి దిగడమే ముఖ్యమైన చికిత్స. తడబడే నడక, మాటలో అయోమయం, విశ్రాంతిగా ఉన్నా ఆగని ఆయాసం ప్రాణాపాయ లక్షణాలు.

వయసు, వ్యాయామం ఈ జబ్బు నుండి రక్షణ ఇవ్వవు. పాతికేళ్ళ ఆటగానికి రావచ్చు, అరవైయేళ్ళ వ్యక్తికి రాకపోవచ్చు. సముద్ర తీర నగరాల నుండి విమానంలో వచ్చినవారు ఒకటి రెండు రోజులు పట్టణంలో గడిపి, మొదట చిన్న నడకలు చేసి, ఆ తరువాతనే పొడవైన నడకకు పూనుకోవాలి. డెన్వర్, ఫోర్ట్ కాలిన్స్ వంటి నగరాలలో చదువుకొనే, ఉద్యోగాలు చేసే తెలుగువారికి ఎస్టెస్ పార్క్ వారాంతపు దూరంలోనే ఉన్నది. వారిని చూడటానికి స్వదేశం నుండి వచ్చే తల్లిదండ్రుల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

== వెంట ఉండవలసినవి ==

సగటున ప్రతి కిలోమీటరు ఎత్తుకు ఉష్ణోగ్రత 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. ఈ లెక్కన లాంగ్స్ పీక్ మీద పట్టణంలో కన్నా సుమారు 13 డిగ్రీల చలి ఎక్కువ. గాలి వీస్తే ఇంకా చల్లగా తోస్తుంది.

* '''దుస్తులు:''' జీన్స్, ఇతర నూలు బట్టలు తడిస్తే త్వరగా ఆరక ఒంటి వేడిని లాగివేస్తాయి. ఉన్ని లేదా కృత్రిమ నూలు బట్టలు, వాన కోటు, టోపీ, చేతి తొడుగులు వేసవిలోనూ అవసరమే.
* '''నీరు:''' ఒక్కొక్కరికి కనీసం మూడు లీటర్లు. వాగు నీరు తేటగా కనిపించినా జియార్డియా అనే పరాన్నజీవి ఉండవచ్చు కనుక శుద్ధి చేయకుండా త్రాగరాదు.
* '''ఆహారం:''' వేరుశనగలు, ఎండు పండ్లు, చపాతీలు వంటివి కొద్దికొద్దిగా తరచు తినాలి.
* '''ఇతరాలు:''' తలకు కట్టుకొనే దీపం, కాగితపు పటం, ఎండ కళ్ళద్దాలు, ప్రథమ చికిత్స పెట్టె.

పర్వతాలలో చాలాచోట్ల మొబైల్ ఫోను పనిచేయదు. ఏ దారిన వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ, రాకపోతే ఎన్ని గంటలకు 911కు తెలియజేయవలసినదీ ఊరిలో ఒకరికి వ్రాసి ఇవ్వాలి. సహాయక బృందం చేరడానికి గంటలు పట్టవచ్చు.

== వన్యప్రాణులు, నియమాలు ==

ఎల్క్ అనే పెద్ద దుప్పులు, మూస్‌లు, కొమ్ముల గొర్రెలు, నల్ల ఎలుగుబంట్లు ఇక్కడ నివసిస్తాయి. ఎల్క్‌లకు, గొర్రెలకు 23 మీటర్లు, మూస్‌లకు, ఎలుగుబంట్లకు 36 మీటర్లు దూరంగా ఉండాలని ఉద్యానవన నియమం. సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఎల్క్‌ల జతకట్టే కాలం. మగవి అప్పుడు దూకుడుగా ఉంటాయి. జంతువులకు ఆహారం పెట్టరాదు. పెంపుడు కుక్కలను కాలిబాటల మీదికి అనుమతించరు. టండ్రా మొక్కలు ఏడాదికి కొద్ది వారాలే పెరుగుతాయి కనుక, త్రొక్కి పాడుచేసిన చోట మళ్ళీ మొలవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. అందుకే బాట విడిచి నడవరాదు.

2019లో 46 లక్షలకు పైగా సందర్శనలు నమోదయ్యాయి. రద్దీని తట్టుకోవడానికి 2020లో వేసవి కాలానికి ప్రవేశ వేళలను ముందుగా రిజర్వు చేసుకొనే పద్ధతి ప్రవేశపెట్టారు. ప్రయాణానికి ముందు ఆ సంవత్సరపు నియమాలు చూసుకోవడం అవసరం.

== వరదలు, కార్చిచ్చులు ==

1976 జూలై 31 రాత్రి ఎస్టెస్ పార్క్‌కు దిగువన ఉన్న బిగ్ థాంప్సన్ లోయలో ఒకేచోట నిలిచిపోయిన ఉరుముల వాన వలన వచ్చిన వరదలో 144 మంది మరణించారు. 1982 జూలై 15న, రైతులు 1903లో లాన్ లేక్ వద్ద నిర్మించిన మట్టికట్ట తెగి, నీరు పట్టణ ప్రధాన వీధి గుండా ప్రవహించింది. ముగ్గురు మరణించారు. అప్పుడు కొట్టుకువచ్చిన బండరాళ్ళ మేట నేటికీ సందర్శకులకు కనబడుతుంది. 2013 సెప్టెంబరు వరదలలో పట్టణానికి వచ్చే ముఖ్య రహదారులు దెబ్బతిన్నాయి. 2020 అక్టోబరులో ఈస్ట్ ట్రబుల్‌సమ్ కార్చిచ్చు చెట్లులేని ఖండ విభాజక రేఖను సైతం దాటి తూర్పు వైపుకు రావడంతో పట్టణ ప్రజలను ఖాళీ చేయించారు. కాలిన అడవులలో ఎండు మానులు గాలికి కూలవచ్చు కనుక, అటువంటి చోట్ల విశ్రాంతికి ఆగకుండా ముందుకు సాగాలి.

== ఇవి కూడా చూడండి ==
* రాకీ పర్వతాలు
* కొలరాడో
* పర్వతారోహణ
* పిడుగు
* టండ్రా